ట్రంపెట్టుకు చెరువు చూపించడం

మొన్న అనంతపురంలో వాయిద్యాలమ్మే దుకాణంలో నేను కాస్త గట్టిగానే మాట్లాడాను. నా మనవరాలు రూతుకు అది తలవంపులుగా అనిపించిందట, ఇంటికొచ్చాక వాళ్ళమ్మకు చెప్పుకుంది. చెప్పుకోనీ. రూతు నా కూతురి కూతురు. కాలేజీ బ్యాండులో ట్రంపెట్టు ఊదుతుంది. ఇన్నాళ్ళూ కాలేజీ వాళ్ళిచ్చిన దానితోనే నెట్టుకొచ్చింది, ఇప్పుడు సొంతానికి ఒకటి కావాలంది. కొనిచ్చేదాన్ని నేనే కాబట్టి నన్నూ వెంటబెట్టుకుని పోయింది. దుకాణం అబ్బాయి రెండు ట్రంపెట్లు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒకటి చౌకది. రెండోదాని ధర వినగానే నేను కూర్చోవడానికి కుర్చీ వెతుక్కున్నాను. చూడ్డానికి మాత్రం రెండూ అక్కాచెల్లెళ్ళే, అదే పసుపు, అదే మెరుపు. రూతు ఫోనులో ఇలాంటి వీడియోలు బోలెడు చూసి వచ్చింది. ఎవరో ఒకాయన చౌకదీ ఖరీదైనదీ మార్చి మార్చి ఊదుతాడట, ఏది గొప్పదని కింద జనం కొట్టుకు చస్తుంటారట. దుకాణం వెనకాల చిన్న ఏసీ గది ఉంది, చుట్టూ అద్దాలు, కింద టైల్సు. పిల్ల అందులో నిలబడి రెండూ ఊదింది. "డౌటే లేదవ్వా, ఖరీదుదే" అంది. దుకాణం అబ్బాయి కూడా తలూపాడు. ఊపక ఏం చేస్తాడు, అమ్ముకునేవాడు.

"ఈ గదిలో ఊదితే చెంబు గూడా పాడతాదప్పా. రెండూ బయటికి తియ్యి. వీటికి చెరువు చూపించల్ల" అన్నాను.

"చెరువేంది పెద్దమ్మా? నీళ్ళు తగిల్తే పాడైపోతాయి" అన్నాడు ఆ అబ్బాయి బెదిరిపోయి.

నీళ్ళలో ముంచమనలేదు బాబూ అని చెప్పబోయి ఆగిపోయాను. చెరువు చూపించడం అనే మాట నా నోటికొచ్చి ఎన్నాళ్ళయిందో! ఆ మాటకు అర్థం తెలిసినవాళ్ళలో ఇప్పుడు బతికున్నది నేనొక్కదాన్నే అనుకుంటాను. అది తట్టగానే ఒంట్లో ఎక్కడ లేని హుషారు పుట్టుకొచ్చింది. కుర్చీ ముందుకు జరుపుకుని అక్కడే, ఆ దుకాణంలోనే, వాళ్ళిద్దరికీ మా నాయన కథ మొదలుపెట్టాను. రూతు తల పట్టుకుంది. మీకు మాత్రం తీరిగ్గా చెబుతాను.

మా నాయన దేవదానం బ్యాండు మాస్టరు. మాది శింగనమల చెరువు కింది పల్లె. చెరువు కింద అన్నాను కదాని నీళ్ళున్న ఊరనుకోవద్దు. నా చిన్నతనంలో ఆ చెరువులో నీళ్ళకంటే మేస్తున్న గొర్రెల్నే ఎక్కువగా చూశాను. వానొస్తే శెనక్కాయ చేలల్లో కూలి, పెళ్ళిళ్ళొస్తే బ్యాండు. రెండూ లేని నెలల్లో నాయన గోడకు చేరగిలబడి, మోకాలి మీద వట్టి వేళ్ళతో పాటలు నొక్కుకుంటూ ఉండేవాడు. మేళంలో నాయనది ట్రంపెట్టు, మా చిన్నాన్న జానుది పెద్ద డ్రమ్ము, ఖాసింసాబు మామది క్లారినెట్టు. మిగిలినవాళ్ళు సీజనును బట్టి మారుతుండేవాళ్ళు. మా ఇంటి దండెం మీద చీరలకంటే జరీ అంచు ఎర్రకోట్లే ఎక్కువగా ఆరేవి. ఆదివారం చర్చిలో ఊదేది కూడా ఆ ట్రంపెట్టే. శనివారం పెళ్ళిలో సినిమా పాట ఊదిన గొట్టంతో మర్నాడు దేవుడి పాట ఊదుతున్నారేమిటని పాస్టరుగారు అప్పుడప్పుడూ గొణిగేవారు. "ఈ రెండింటికీ మధ్యన దానికి నీళ్ళు పోస్తాండాము కదయ్యా" అనేవాడు నాయన.

నిజంగానే పోసేవాళ్ళం. పెళ్ళి నుంచి వచ్చాక మా ఇంట్లో ట్రంపెట్టుకు స్నానం. ఆ పని నాది. గొట్టాలు ఊడదీసి, గోరువెచ్చని నీళ్ళు పోసి, దారానికి కట్టిన గుడ్డను ఒక వైపు దూర్చి ఇంకో వైపు నుంచి లాగాలి. లోపలి నుంచి వచ్చే నీళ్ళకు ఒక వాసన ఉండేది, పచ్చి ఇత్తడి, నాయన నమిలిన వక్కాకు కలిసిన వాసన. అది వేళ్ళకు పట్టుకుంటే సంగటి ముద్ద తిన్నా పోయేది కాదు. నా తర్వాత మా జేజి, అంటే నాయన వాళ్ళమ్మ, పీట వేసుకుని కూర్చునేది. చింతపండు పిప్పీ ఇంత బూడిదా పెట్టి సంగటి తపేలా తోమినట్టే తోమేది. ఆవిడ దృష్టిలో బాకా కూడా వంటింటి సామానే, కాకపోతే కూడు సంపాదించిపెట్టేది గనక తపేలాకంటే ఒక మెట్టు పైన. చివరికి మూడు వేళ్ళతో నొక్కే మూడు పిస్టన్లకు నూనె వేయాలి. ఏ నూనె? మా సీమలో ఇంకే నూనె ఉంటుంది, శెనక్కాయ నూనె! గానుగ నుంచి తెచ్చిన డబ్బాలో సగం కూరల్లోకి, సగం పిస్టన్లలోకి పోతోందని అమ్మ విసుక్కునేది. దానికి వేరే నూనె ఉంటుందని మాకెవరికీ తెలియదు. మా ట్రంపెట్టు పిస్టన్లు అరిగిపోయి లొడలొడలాడేవి, ఆ నూనె చిక్కదనమే వాటిని పట్టి ఉంచేది. పెళ్ళి ఊరేగింపులో నాయన వెనకాల నడిచేవాళ్ళకు తాలింపు వాసన వచ్చేది. ఒకసారి ఒక పెళ్ళికొడుకు, విందు దగ్గర్లోనే ఉన్నట్టుంది అని సంబరపడ్డాడట.

ఆ ట్రంపెట్టు ఎవరో మేళం ఎత్తేస్తుంటే నాయన చౌకగా పట్టుకొచ్చింది. ఒళ్ళంతా సొట్టలు. అతుకులు కారుతుంటే మైనం పెట్టి దారం చుట్టాడు. దానికొక మొండితనం ఉండేది. పై స్థాయిలో ఒక స్వరం దగ్గరికి వచ్చేసరికి కిందికి జారిపోయేది. నాయన దాన్ని పెదవులతో బిగించి పైకి ఎత్తాల్సి వచ్చేది. ఎత్తేటప్పుడు ఆయన కనుబొమలు రెండూ నుదుటి మీదికి పాకేవి. ఊరేగింపులో జనం పాట విని చప్పట్లు కొట్టేవాళ్ళు, మేము ఆ కనుబొమల కోసం కాచుకుని కూర్చుని పడీ పడీ నవ్వేవాళ్ళం. ఆ నవ్వు వెనక ఆయన పెదవుల కష్టం ఉందని అప్పుడు మాకు తోచలేదు.

కడిగిన ట్రంపెట్టులో నీటి చుక్కలు మిగిలిపోతాయి. వాటిని పోగొట్టాలంటే ఊదాలి. మొదట్లో ఉత్త గాలి ఊదేదాన్ని. తర్వాత గాలి కాస్తా శబ్దమైంది, శబ్దం కాస్తా పాటైంది. నేను ఊదుతుంటే నాయన మంచం మీద పడుకుని నిద్రపోతున్నట్టే ఉండేవాడు. తప్పు ఊదితే మాత్రం మంచం కోడు మీద గోటితో టక్కుమని కొట్టేవాడు. నేను మళ్ళీ మొదటినుంచి ఎత్తుకునేదాన్ని. మా ఇద్దరి మధ్యా సంగీతం గురించి జరిగిన మాటలన్నీ ఆ టక్కులే. బయట ఎవరికైనా వినబడితే దేవదానం సాధన చేస్తున్నాడని అనుకునేవాళ్ళు. చదువు ఆపేసి ఇంట్లో ఉన్న, పెళ్ళీడు వచ్చిన పిల్ల ఊదుతోందని ఎవరనుకుంటారు?

ఇలా ఉండగా కొత్తచెరువు అనే ఊళ్ళో ఒక పెళ్ళికి పోయారు. ఆడపెళ్ళివాళ్ళు మమ్మల్ని పిలిస్తే మగపెళ్ళివాళ్ళు విడపనకల్లు నుంచి ఇంకో మేళాన్ని తెచ్చారు. రెండు మేళాలు వీధిలో ఎదురుపడితే ఇంకేముంది, పెళ్ళి సంగతి అందరూ మరిచిపోయారు. ఆ మేళం మాస్టరు చేతిలో కొత్త విదేశీ ట్రంపెట్టు, వెండిలా మెరిసేది. మా నాయన ఎప్పటిలాగే ఆ పై స్వరం ఎత్తబోయాడు. అది ఎక్కలేదు. మధ్యలో చిరిగిపోయింది. ఖాసింసాబు మామ క్లారినెట్టుతో ఎంత కమ్మేసినా అందరూ విన్నారు. ఆ పెళ్ళికి వచ్చినవాళ్ళలో ధర్మవరం పట్టుచీరల షావుకారు ఒకాయన ఉన్నాడు, తన కూతురి పెళ్ళికి మమ్మల్నే మాట్లాడుకున్నాడు. ఆయన పోతూ పోతూ చిన్నాన్నతో, "మంచి బాకా సంపాయించుకోని రాండప్పా, లేదంటే ఆ విడపనకల్లోళ్ళకే చెప్పుకుంటా" అనేసి పోయాడు. ధర్మవరంలో ఒక షావుకారు ఇంట్లో ఊదితే నాలుగు షావుకార్ల ఇళ్ళలో పిలుపు వస్తుంది. ఒకచోట మొహం పోతే అన్ని గుమ్మాలూ మూసుకుంటాయి. ఇంటికొచ్చాక నాయన జొన్నరొట్టెను పులుసులో నానబెట్టుకుని మెత్తగా చేసుకుని తిన్నాడు. అంతకు కొన్నాళ్ళ ముందునుంచే అలా తింటున్నాడు. నేను చూశాను, వయసు మీద పడుతోంది కాబోలు అనుకున్నాను.

"బాకా ముసిల్దైపోయిందిన్నా. దాంట్లో ఇంగ జీవం ల్యా. మంచిది తెచ్చుకుందాం, అందరం తలా ఇంత వేసుకుంటాం" అన్నాడు చిన్నాన్న. నాయన ఔననేదాకా చిన్నాన్న ఆగే మనిషి కాదు. బళ్ళారి పోయి ఒక దుకాణంలో తన కొత్త సైకిలు హామీ పెట్టి, నచ్చకపోతే వాపసు అనే మాట మీద ఒక విదేశీ ట్రంపెట్టు తెచ్చాడు. పెట్టె మూత తీస్తే లోపల నీలిరంగు ముఖమల్ గుడ్డలో పడుకుని ఉంది. జేజి దిష్టి తీసింది. అమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుని మరీ ముట్టుకుంది. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళంతా వచ్చి, పెళ్ళికూతుర్ని చూసినట్టు చూసి పోయారు. అందరూ ఇదే కొనండి, ఇదే కొనండి అన్నారు. అప్పటికి ఎవరూ దాని గొంతు వినలేదు!

"కండ్లతో వినేటోళ్ళే జాస్తి. రేపు పొద్దున దీనికి చెరువు చూపిద్దాం" అన్నాడు నాయన.

మా మేళం ఆచారం అది. ఏ వాయిద్యమైనా ఇంట్లో ఊది చూసి కొనేది లేదు. పెళ్ళి బ్యాండు వినేది వీధి ఆ చివర ఉన్నవాళ్ళు, మిద్దెల మీద ఉన్నవాళ్ళు. కాబట్టి ఊదేవాడు చెరువు కట్ట మీద తూము దగ్గర నిలబడతాడు. మిగిలినవాళ్ళంతా ఎండిపోయిన చెరువులోకి దిగి, సర్కారు తుమ్మ చెట్లు దాటి, మనిషి బొమ్మంత చిన్నగా కనిపించేదాకా నడిచిపోయి కట్టకు వీపు తిప్పి నిలబడతారు. వెనక్కి తిరిగి చూడకూడదు, ఒకరితో ఒకరు మాట్లాడకూడదు. ఒకే పాట ఒక వాయిద్యం మీద ఒకసారి, ఇంకోదాని మీద ఒకసారి. ఎవరికి ఏది నచ్చితే అప్పుడు భుజం మీది టవలు పైకెత్తి పట్టుకోవాలి. కట్ట మీదివాడు ఆ టవళ్ళు చూసుకుంటాడు. ఖరీదూ మెరుపూ కనిపించవు, ఊదేవాడి మొహం కూడా కనిపించదు. నాకు తెలిసి ఇంత న్యాయమైన పరీక్ష ఈ రోజుకీ ఎక్కడా లేదు. రూతు ఫోనులోని వీడియోల్లో ఊదేవాడు కనబడుతూనే ఉంటాడు, చౌకది ఊదేటప్పుడు మొహం చిన్నబుచ్చుకుంటాడు కూడా.

తెల్లారి వెలుగు రాగానే బయలుదేరాం. గాలి లేదు, చెరువు నేల బీటలు వారి ఉంది. అలాంటి పొద్దున పిచ్చుక అరిచినా అవతలి గట్టుకు వినబడుతుంది. రెండు ట్రంపెట్లూ మోసుకుని నాయన వెంట కట్ట ఎక్కింది నేను. బయలుదేరే ముందు జేజి ఒక ఘనకార్యం చేసింది. కొత్త బాకాకు కొత్త గానుగ నూనె అంటూ విదేశీదాని పిస్టన్లలో ధారగా పోసింది. నాయన ముందు మా పాతది ఊదాడు. దూరాన రెండు మూడు టవళ్ళు లేచాయి. తర్వాత కొత్తది ఊదాడు. ఇంకో రెండు మూడు లేచాయి. నాకు మాత్రం వేరే సంగతి కనబడింది. కొత్తదాని మీద ఆ పై స్వరం వచ్చినప్పుడు నాయన కనుబొమలు కదల్లేదు. అలా కదలని మొహంతో ఊదుతున్న నాయన నాకు ఎవరో కొత్త మనిషిలా కనిపించాడు.

కింద ఎటూ తేలలేదు. చిన్నాన్న వీపు తిప్పుకునే అరిచాడు: "ఇంగోసారి ఊదన్నా! తెలీల్యా!"

నాయన టవలుతో మూతి తుడుచుకున్నాడు. టవలు మీద ఎర్రగా అంటింది. కొత్తది మళ్ళీ ఎత్తి పిస్టను నొక్కాడు. నొక్కింది నొక్కినట్టే ఉండిపోయింది, పైకి లేవలేదు. బిగుతుగా, సన్నంగా అమరే పిస్టన్లవి. మా లొడలొడ పిస్టన్లకు ప్రాణం పోసిన శెనక్కాయ నూనె అక్కడ జిగురై కూర్చుంది. నాయన పాతదాన్ని చేతిలోకి తీసుకుని మౌత్‌పీసును పెదవులకు ఆనించుకుని, దించేసుకున్నాడు. నా వైపు చూశాడు.

"నువ్వు ఊదు."

"నేనా? ఏది నాయనా?"

"మనదే. భయపడొద్దు, మంచంకోడు ఈడ ల్యా" అన్నాడు.

నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే భయం పోయింది. ఊదాను. నా జన్మలో గోడలు లేని చోట ఊదడం అదే మొదటిసారి! శబ్దం నా ముందునుంచి పరిగెత్తుకుంటూ పోయి, ఆ బీటల నేల మీద సాగి, అవతలి గుట్టకు తగిలి నా దగ్గరికే తిరిగొచ్చింది. ఆ పై స్వరం దగ్గర నా కనుబొమలు వాటంతటవే పైకి పోయాయి. స్వరం ఎక్కింది, నిలబడింది. పాట అయిపోయి చూస్తే దూరాన టవళ్ళన్నీ పైకి లేచి ఉన్నాయి. అన్నీ! చిన్నాన్న అయితే రెండు చేతులా టవలు పట్టుకుని ఊపుతున్నాడు. అందరూ ఒక్కసారిగా ఇటు తిరిగి కట్ట వైపు పరుగు లంకించుకున్నారు.

"అదేన్నా! ఇంగ అదే మన బాకా! ఆ మూడో తూరి ఊదినావు సూడు, ఏముండాది అది! ఎంతైనా విదేశీది విదేశీదే. సైకిలు పోతే పోయింది, వాపసు ఇచ్చేదే ల్యా" అన్నాడు చిన్నాన్న రొప్పుతూ. ఖాసింసాబు మామ అల్లా పేరు తలుచుకుని గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. నా చేతిలోది నాయన అప్పటికే తీసేసుకున్నాడు, ట్రంపెట్లు రెండూ ఆయన చేతుల్లోనే ఉన్నాయి. ఊఁ అంటే చాలు. అందరూ తలా ఇంత వేసుకుని కొత్తది ఆయన చేతిలో పెట్టేవాళ్ళు. ధర్మవరంలో ముందు నడిచేది ఆయనే అయ్యేది. నేను ఒక్క మాట కూడా పైకి అనేదాన్ని కాదు, ఆ సంగతి ఆయనకూ తెలుసు. నాయన రెండింటినీ చూశాడు. తర్వాత తమ్ముణ్ణి చూశాడు.

"అది మన పాతదే. ఊదింది నేను కాదు, పాప" అన్నాడు.

చిన్నాన్న నవ్వాడు. ఎగతాళి అనుకున్నాడు. నాయన నోరు తెరిచి నాలుకతో ముందుపన్ను కదిపి చూపించాడు. అది తలుపు రెక్కలా ఊగింది. "బాకా బాగనే ఉండాదిరా. చెడిపోయింది నా మూతి. ఆర్నెల్లాయె. ఎవురికీ చెప్పల్యా."

ఖాసింసాబు మామే ముందు తేరుకున్నాడు. "మరి ధర్మవరం సంగతేంది మాస్టర్?"

"పాప ఊదుతాది. నేను తాళాలు కొడతా."

"ఆడపిల్లనా అన్నా, ఊరేగింపులో? జనం ఏమంటారు?" అన్నాడు చిన్నాన్న.

"టవలెత్తినప్పుడు ఆడో మొగో సూసినావా?" అన్నాడు నాయన. చిన్నాన్న చేతిలో టవలు ఇంకా పైకే ఉంది. దాన్ని దించి భుజాన వేసుకున్నాడు.

కొత్తదాన్ని తిరిగి ఇచ్చెయ్యాలి కదా, నూనె జిగురు వదిలించే పని నా మీద పడింది. కుంకుడుకాయ రసంలో పిస్టన్లు నానబెట్టి, కడిగి, ఆరబెట్టి, నీటి చుక్కల కోసం ఎప్పటిలాగే ఊదాను. ఊదుతూనే నివ్వెరపోయాను. అది నన్నేమీ అడగడం లేదు! నేను స్వరం తలుచుకుంటే చాలు, అదే పోయి ఆ చోట కూర్చుంటోంది. పెదవి బిగించే పని లేదు, ఊపిరి తోసే పని లేదు. చెరువులో నిలబడి వినేవాళ్ళకు ఈ తేడా కాస్తయినా తెలిసే వీలు లేదు, అది ఊదేవాళ్ళ పెదవికి మాత్రమే తెలిసే తేడా. నాయన కనుబొమలు గుర్తొచ్చాయి. పరిగెత్తుకుంటూ పోయి మంచం దగ్గర నిలబడ్డాను.

"నాయనా, దీనికి బలమే అక్కర్లేదు. పన్ను కదిలినా నొప్పి తెలీదు. ఇదే తీసుకో. నువ్వే ఊదు" అన్నాను.

"తెలుసు పాపా. కట్ట మీద మొదటి గుక్కకే తెల్సింది."

"మరి చెప్పలేదేం?"

నాయన లేచి కూర్చున్నాడు. "చెప్తే వాళ్ళు కొంటారు. నేను ఇంగో రెండేండ్లు ఊదతా. నువ్వు ఆ రెండేండ్లూ ఈడనే కూచ్చోని బాకాలు కడుగుతా ఉంటావు" అన్నాడు. తర్వాత ఎవర్నో ఇచ్చి పెళ్ళి చేస్తామని ఆయన అనలేదు, అదీ ఆ మాటలోనే ఉంది. నాకు నాయన మీద కోపం వచ్చింది, ప్రేమ పొంగుకొచ్చింది. రెండూ ఒక్కసారే వస్తే ఏం చేయాలో తెలియక, ఆరిపోయిన ట్రంపెట్టునే మళ్ళీ తుడిచాను. మర్నాడు చిన్నాన్న దాన్ని బళ్ళారిలో ఇచ్చేసి సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు.

ధర్మవరం పెళ్ళి గురించి చెప్పాలంటే ఇంకో పుస్తకం రాయాలి. నాయన ఎర్రకోటు నాకు మోకాళ్ళ దాకా వచ్చింది, జేజి దాని చేతులు మడిచి దారంతో కుట్టింది. షావుకారు నన్ను చూసి నోరు తెరిచాడు, నేను మొదటి పాట ఎత్తుకున్నాక కూడా మూయలేదు. మగ్గాల ఇళ్ళల్లోంచి ఆడవాళ్ళు పని ఆపి అరుగుల మీదికి వచ్చారు. ఒక ముసలమ్మ నా చుట్టూ తిరిగి చూసి, "ఆడ వేషం గాదు, నిజంగా పిల్లే!" అని వీధి వీధంతా చాటింది. పై స్వరం దగ్గరికి వచ్చాను. కనుబొమలు లేచాయి. వెనకాల తాళాలు కొడుతున్న నాయన ఫక్కున నవ్వడం ఆ గోలలో కూడా నాకు వినిపించింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆ మేళం ముందు నేనే నడిచాను. నా పెళ్ళి కూడా ఆ మేళంలోకి తర్వాత వచ్చిన చిన్న డ్రమ్ము అబ్బాయితోనే అయింది, కాకపోతే ఆ పెళ్ళిలో ఊదేవాళ్ళు లేక విడపనకల్లు మేళాన్ని పిలవాల్సి వచ్చింది!

ఇదంతా విన్నాక దుకాణం అబ్బాయిలో కదలిక వచ్చింది. అతడిది విడపనకల్లు దగ్గరి పల్లెట, వాళ్ళ తాత పెళ్ళి బ్యాండంటే చెవి కోసుకునేవాడట. "పాండి పెద్దమ్మా, చూపిద్దాం" అని రెండు పెట్టెలూ బండికి కట్టుకుని మా ఆటో వెనకాలే శింగనమల దాకా వచ్చేశాడు. చెరువు చూసి నేనే తెల్లబోయాను. చాలా కాలంగా అటు పోలేదు. కాలువ నీళ్ళొచ్చి చెరువు నిండి ఉంది. మేము టవళ్ళెత్తిన నేలంతా నీళ్ళ కింద ఉంది, తుమ్మ చెట్ల కొనలు కూడా లేవు, కొంగలు తిరుగుతున్నాయి. నిండు చెరువు ఎదురుగా పెట్టుకుని ఆ బీటల నేల కోసం బెంగపడ్డాను, ఎవరైనా వింటే చీవాట్లు పెడతారు. సరే, దిగే వీలు లేదు కాబట్టి కట్ట ఆ చివరికి పిల్లనూ అబ్బాయినీ పంపి, ఈ చివర వీపు తిప్పుకుని నిలబడ్డాను. చేతిలో రూతు స్కార్ఫు.

నీళ్ళ మీదుగా వచ్చిన శబ్దం నేలమీద వచ్చినట్టు ఉండదు. గుండ్రంగా, చల్లగా వచ్చింది. ఒకటి ఊదింది. రెండోది ఊదింది. నాకు మొదటిది ఒక పిసరు ఎక్కువ నచ్చినట్టనిపించి స్కార్ఫు ఎత్తాను. వెంటనే ఫోను మోగింది.

"అవ్వా! నువ్వు ఎత్తింది చౌకదానికి!" అని ఒకటే నవ్వు రూతు.

నేనూ నవ్వాను. ఇప్పటి చౌక ట్రంపెట్టు మా నాటి పాతదానికంటే ఎన్నో రెట్లు మేలు, సొట్టల్లేవు, కారడం లేదు, పిస్టన్లకు సీసాలో వేరే నూనె ఇస్తున్నారు. అది చూసి ఉంటే నాయన దాన్నే విదేశీది అనుకునేవాడు. పరీక్ష అయిపోయిందనుకుని వాళ్ళిద్దరూ తిరిగొచ్చారు. నాకు మాత్రం అయిపోలేదు. దుకాణంలోనే ఆ ఖరీదుదాన్ని ఒకసారి నోటికి ఆనించి చూసుకున్నాను. కట్టుడుపళ్ళ మధ్యనుంచి గాలి బుస్సుమంది, అంతే. ఇక నాకు మిగిలింది చూడ్డమే. రూతును నాకు ఎదురుగా, దగ్గరగా నిలబెట్టి రెండూ మళ్ళీ ఊదమన్నాను. ఆ పై స్వరం ఉన్న పాటే ఊదించాను. చౌకది ఊదుతూ అక్కడికి వచ్చింది. పిల్ల కనుబొమలు రెండూ నుదుటి మీదికి పాకాయి. అచ్చంగా మా నాయనవి! ఇన్నేళ్ళూ ఆ పిల్ల మొహంలో అవి ఉన్నాయని నేను గమనించనేలేదు. తర్వాత ఖరీదుది ఊదింది. అదే స్వరం వచ్చింది. కనుబొమలు కదల్లేదు.

"ఇదే ఇయ్యప్పా" అన్నాను ఖరీదుదాన్ని చూపించి.

అబ్బాయి రూతు వైపు చూశాడు, నా వైపు చూశాడు. "పెద్దమ్మా, మీరు ఎత్తింది ఆ చౌకదానికి గదా?"

"వినేదానికి అది చాలు నాయనా" అన్నాను. "ఊదేది నా మనవరాలు."